రోజుకొక పేజీ
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. చదువు గురించి చెప్పేందుకు వేదిక మీద నాకంటే పెద్దవారున్నారు. నేను రోజూ ఒక పేజీ రాస్తాను. కథలూ కవిత్వమూ కాదు, ఆనాడు చూసింది, విన్నది. ఎలా రాస్తారో, దేనితో రాస్తారో పిల్లలకు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు.

రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు, నీలం ఇంకు పెన్ను. కుడి పేజీలోనే రాస్తాను. ఎడమది ఖాళీగా వదిలితే, తరువాత గుర్తొచ్చిన పేరో లెక్కో అక్కడ చేరుతుంది. మాట మార్చాలంటే లెడ్జర్‌లో చేసినట్టే ఒక్క గీత కొట్టి పైన రాస్తాను. గీకడం, పేజీ చింపడం లేదు. కొట్టేసిన మాటే మేలనిపించిన రోజులూ ఉన్నాయి. రాత్రి భోజనానికి ముందు అరగంట చాలు.

ఉద్యోగస్తులకు తీరికెక్కడిది అంటారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి పొడుగునా మజిలీలు, దూరాలు, ఎక్కడ ఏ సామాను దొరికేదీ రాసి, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపేవారు. అది 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. అందులో ఉన్నది మాట్లాడే తెలుగు. ఇంగ్లీషు, అరవం, హిందుస్తానీ మాటలు ధారాళంగా దొర్లుతాయి, మన బళ్ళారి ఇళ్ళలో తెలుగులో కన్నడం కలిసినట్టే. కాబట్టి కలిపి మాట్లాడతామని, కలిపి రాస్తామని ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

ఇక కంప్యూటరు. నోట్‌బుక్కులో దాచదగినవి ఆదివారం నాడు అందులోకి ఎక్కిస్తాను. మన జిల్లా పిల్లలకు పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరులో చేరింది. మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో కన్నడం రాస్తారు. తెలుగులో మెసేజి పెట్టాలంటే ఇంగ్లీషు అక్షరాలు వాడతారు. అది అవ్వ చదవలేదు. అవ్వ తెలుగులో రాసిన ఉత్తరం వీళ్ళు చదవలేరు. ఒకే ఇంట్లో ఇలా ఉండడం నాకు కష్టంగా తోస్తుంది.

ఇన్‌స్క్రిప్ట్ అని ఒక కీబోర్డు అమరిక ఉంది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు హల్లులు. ఇంగ్లీషు ‘కె’ మీట నొక్కితే, కన్నడం పెట్టుకున్నప్పుడు కన్నడ ‘క’, తెలుగు పెట్టుకున్నప్పుడు తెలుగు ‘క’ పడుతుంది. షిఫ్టుతో నొక్కితే ‘ఖ’. ‘ఎల్’ మీద ‘త’. అంటే కన్నడం టైపు నేర్చిన వేళ్ళకు తెలుగు టైపు కూడా వచ్చినట్టే; ఇక అక్షరాలు గుర్తుపట్టడమే మిగిలింది. యూనికోడ్‌లోనూ తెలుగుకు కేటాయించిన 128 గడులు అయిపోగానే కన్నడానికి 128 మొదలవుతాయి, మన వీధుల్లో ఇళ్ళలాగా. విండోస్ సెట్టింగుల్లో రెండు భాషలూ చేర్చుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఫోనులో నోటితో చెప్పి రాయించుకునే పద్ధతి కూడా చూశాను. నాకు నచ్చలేదు, నేననని మాటలు వేస్తుంది.

మీటల పటం జిరాక్సులు బయట బల్ల మీద పెట్టాను, తల్లిదండ్రులు కూడా తీసుకోండి. ఈ రాత్రి మొదటి పేజీకి ఏమీ తోచకపోతే, మీ తాత ఏ ఊరి నుంచి ఏ పని మీద బళ్ళారి వచ్చారో అడిగి రాయండి. తారీఖు వేయడం మరచిపోకండి.