మా పెరట్లో పండిందీ, పండనిదీ
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సంఘ సభ్యురాలి ప్రసంగం)



పెరటి తోట గురించి మాట్లాడమన్నారు. లాభాలు అందరూ చెబుతారు. నేను ముందు నా నష్టాలు చెబుతాను.

మాకు ఇంటి వెనక రెండు సెంట్ల జాగా ఉంది. మొదటి ఏడాది బీర, కాకర, బెండ, గోంగూర, తోటకూర అన్నీ ఒకేరోజు పెట్టేశాను. తోటకూర మొలకల్ని కోళ్లు గీకేశాయి. బీర రెండాకులు వేసేసరికి ఎర్ర పెంకు పురుగు జల్లెడ చేసింది. మిగిలిన తీగ పందిరెక్కి నాలుగు పిందెలు దిగాయో లేదో, కోతుల మంద పందిరితో సహా లాగేసింది. కాకరకాయ పైకి బాగానే ఉండేది, కోస్తే లోపల పురుగులు. అది పండు ఈగ పని అని తర్వాత తెలిసింది. "సంతలో కొనుక్కుంటే పోయేదానికి" అన్నారు మా ఆయన.

రోషంతో రెండోసారి విత్తనం పెట్టాను. మళ్లీ పురుగు పడేసరికి ఒక తప్పు చేశాను. చేలో పత్తికి కొట్టగా మిగిలిన మందు తెచ్చి బీర తీగకు కొట్టాను. కిందనే తోటకూర ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కూలికి పోయి వచ్చేసరికి మా అత్తమ్మ ఆ తోటకూరే కోసి, పప్పులో వేసి, పిల్లల కోసం మూత పెట్టి ఉంచింది. ఆ గిన్నె చూస్తే కాళ్లు వణికాయి. అప్పటికి ఎవరూ తినలేదు. గొయ్యి తీసి మొత్తం పూడ్చేశాను. పిల్లల బలం కోసం తోట వేసి, నా చేత్తోనే విషం పెట్టబోయాను గదా అని రాత్రంతా నిద్ర పట్టలేదు. అక్కా, చేను మందు పెరట్లోకి రానివ్వకండి.

తర్వాత నిదానంగా నేర్చుకున్నాను. 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను కలిపి, నీడలో రెండు రోజులు ఉంచి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పితే జీవామృతం తయారు. ఇది మొదట్లో పోయాలి, కోసుకునే ఆకుల మీద చల్లకూడదు. ఎర్ర పెంకు పురుగు తెల్లవారుజామున మందకొడిగా ఉంటుంది. అప్పుడు ఏరి సబ్బు నీళ్లలో వేయాలి, ఆకుల మీద బూడిద చల్లాలి. కాకర పిందెకు కాగితం సంచి కట్టాలి. రాలిన కాయ లోతుగా పాతేయాలి. కోళ్లకు ముళ్ల కంప అడ్డం పెట్టాను. కోతులకు మాత్రం నా దగ్గర ఉపాయం లేదు. తోటకూర అంతా ఒక్కసారి చల్లను, 15 రోజులకో మడి వేస్తాను. మునగకు, కరివేపాకుకు బియ్యం, కూరలు కడిగిన నీళ్లే.

ఏం మిగిలింది అంటారా? అప్పు వాయిదా కట్టేంత రాలేదు, అబద్ధం చెప్పను. కానీ వారంలో నాలుగు రోజులు ఆకుకూర కొనడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. అంటే ఈ సభలో కూర్చున్న వాళ్లలో సగానికి పైనే ఉండొచ్చు. మా పెద్దమ్మాయికీ రక్తం తక్కువన్నారు. ఐరన్ మాత్రలు మానిపించలేదు, మీరూ మానిపించకండి. దాంతోపాటు ఆకుకూర, మీద నిమ్మకాయ రసం. అన్నం తినగానే టీ తాగడం మాన్పించాను. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం తగ్గిందంటోంది.

ఇంకో మాట. కోసేదీ వండేదీ మనమే, నీళ్లు మోసేదీ మనమే అయితే ఆ తోట రెండో నెలకే ఎండిపోతుంది. మా ఇంట్లో సాయంత్రం నాలుగు బిందెలు మా ఆయన వంతు. పందిరి మా అబ్బాయి వంతు.

జాగా లేని అక్కలు అడుగుతున్నారు. పాత బియ్యం బస్తాలో మట్టి, మాగిన పేడ ఎరువు నింపి గడప పక్కన పెట్టినా గోంగూర వస్తుంది. విత్తనానికి డబ్బు పెట్టొద్దు. నాటు బీర, సొర ఒక్కో కాయ తీగ మీదే ఎండనిచ్చి ఉంచండి. హైబ్రిడ్ గింజ మళ్లీ అలాగే రాదు. వచ్చే నెల సంఘం మీటింగుకు పొదుపు డబ్బుతో పాటు గుప్పెడు విత్తనాలు కూడా తేండి. లేని వాళ్లకు ఇద్దాం.

సెలవు తీసుకుంటాను.