ఇల్లు మారితే హక్కు పోతుందా?

(అల్వాల్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు పుట్టిన తొలి సంవత్సరాల్లో కుటుంబాలు పడే కష్టాల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ మాట వినగానే అందరికీ పాలు, టీకాలు, జ్వరాలు, నిద్రలేని రాత్రులు గుర్తుకొస్తాయి. అవన్నీ ఉన్నవే, కాదనను. కానీ నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి ఉంది. చంటిపిల్లలున్న పేద కుటుంబం ఒకచోట నిలవదు. కిరాయి ఇల్లు మారుతుంది, పని మారుతుంది, బస్తీ మారుతుంది. కానీ తల్లికీ బిడ్డకూ చట్టం ఇచ్చిన హక్కులేమో ఒక చిరునామాకో, ఒక రిజిస్టరుకో, ఒక యజమానికో కట్టేసి ఉన్నాయి. మనిషి కదిలితే హక్కు అక్కడే ఉండిపోతుంది. మళ్ళీ కొత్త చోట మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ తిరుగుడంతా తల్లి మీదే పడుతుంది.

అల్వాల్ ఎలాంటి చోటో మీకు తెలుసు. ఒక పక్క కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి, ఇంకో పక్క మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్ళే రోడ్డు. ఈ రెండు రోడ్ల మధ్య ఉన్న పల్లెలన్నీ చూస్తుండగానే కాలనీలైపోయాయి. ఒకప్పుడు విడిగా మున్సిపాలిటీగా ఉన్న అల్వాల్ 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి వైపు మందుల కంపెనీలు, మేడ్చల్ వైపు గోదాములు, ఫ్యాక్టరీలు. సిద్దిపేట, కామారెడ్డి, నిజామాబాద్ వైపు నుంచి, ఒడిశా, బీహార్ నుంచి పడుచు జంటలు బతుకుతెరువు కోసం ఇక్కడికి వస్తున్నారు. మొగుడు గోదాములో, పెళ్ళాం ప్యాకింగులోనో అపార్టుమెంట్లలో ఇంటిపనిలోనో కుదురుతారు. ఏడాది తిరిగేసరికి ఒళ్ళో బిడ్డ ఉంటుంది. ఎత్తుకోవడానికి నాయనమ్మ లేదు, అమ్మమ్మ లేదు.

మేమూ అలా వచ్చినవాళ్ళమే. మాది సిద్దిపేట వైపు ఒక పల్లె. 2017లో పెళ్ళయింది, లోతుకుంటలో ఒక్క గది కిరాయికి తీసుకున్నాం. మొదటి కాన్పు తల్లిగారింట్లో అనేది మన ఆనవాయితీ కదా. ఏడో నెలలో ఊరికి వెళ్ళాను. 2018లో అక్కడి సర్కారు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. మూడో నెలలో పాపను ఎత్తుకుని తిరిగొచ్చాను. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఏ ఆఫీసరూ ఏ ఓనరూ కదిలించకముందే మన ఆచారమే గర్భిణీని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపుతుంది. ఇది ప్రతి ఇంట్లో జరిగేదే. కానీ పథకాలు రాసేవాళ్ళు గర్భం నుంచి టీకాల దాకా ఆమె ఒకే ఊళ్ళో కూర్చుని ఉంటుందని అనుకుంటారు.

అప్పట్లో కేసీఆర్ కిట్ పథకం ఉండేది. 2017 జూన్‌లో మొదలైంది. సర్కారు దవాఖానాలో కాన్పయితే మగపిల్లవాడికి 12,000, ఆడపిల్లకు 13,000 రూపాయలు నాలుగు విడతల్లో ఇస్తామన్నారు. గర్భిణీగా పరీక్షలు చేయించుకుంటే 3,000, కాన్పయ్యాక ఆడపిల్లకు 5,000, మూడున్నర నెలల టీకాలకు 2,000, తొమ్మిదో నెల టీకాకు 3,000. నాకు మొదటి రెండు విడతలు వచ్చాయి. టీకాలు మాత్రం ఇటువైపు వేయించాను, పేరు ఊళ్ళో ఉంది. ఇక్కడ అడిగితే అక్కడ అడగమన్నారు, అక్కడికి పోతే ఇక్కడ రాయించుకురమ్మన్నారు. టీకా పడింది నిజం, కార్డు మీద తేదీ ఉంది, పిల్ల కళ్ళ ముందు ఉంది. అయినా మిగిలిన 5,000 రూపాయలు రాలేదు. పాపను చంకనేసుకుని తిరిగిన రోజుల కూలి, బస్సు చార్జీలు లెక్కేసి చివరకు నేనే మానుకున్నాను.

తర్వాత ఇళ్ళు మారడం మొదలైంది. లోతుకుంటలో రాత్రిపూట పిల్ల ఏడుస్తోందని, గుడ్డలుతకడానికి నీళ్ళు ఎక్కువ వాడుతున్నామని కిరాయి పెంచారు. మచ్చబొల్లారం మారాం. అక్కడ ఎండాకాలంలో బోరు ఎండిపోయింది. అంతలో మా ఆయనకు మేడ్చల్ దగ్గర గోదాములో పని దొరికింది, అటు మారాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మేం మేడ్చల్‌లో ఉన్నాం. ఏప్రిల్, మే నెలల్లో మా గది ముందు రోడ్డు మీద నాగపూర్ వైపు కూలీలు నడిచి వెళ్ళారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. గోదాము మూసేశారు, జీతం ఆగిపోయింది. అంగన్‌వాడీ కేంద్రాలు మూసినా బియ్యం, పప్పు, గుడ్లు ఇళ్ళకు ఇస్తున్నారని తెలిసి వెళ్ళాను. రిజిస్టరులో పేరున్నవాళ్ళకే అన్నారు. మా పాప పేరు ఊళ్ళో ఒకచోట, లోతుకుంటలో ఒకచోట ఉంది. ఉన్నచోట మాత్రం లేదు.

లాక్‌డౌన్ సడలించాక తూంకుంట చేరాం. శామీర్‌పేట వైపు ఒక కంపెనీలో కంట్రాక్టరు కింద నేను ప్యాకింగ్ పనికి కుదిరాను. పాపను నెలకు 1,000 రూపాయలకు పక్కింటి ముసలమ్మ దగ్గర వదిలేదాన్ని. తొమ్మిది నెలలు పనిచేశాను. రెండోసారి గర్భమని తెలిశాక, అయిదో నెలలో రేపటి నుంచి రావద్దన్నారు. కాన్పు సెలవు సంగతి అడిగితే మధ్యలో కంట్రాక్టరు మారాడు, పాత లెక్క పాతవాడితోనే పోయింది అన్నారు. జీతంలో ఈఎస్‌ఐ పట్టుకున్నారు గానీ కార్డు నా చేతికి రానేలేదు.

ఎనిమిదో నెలలో ఓనరమ్మ పిలిచి, మా ఇంట్లో పురుడు కూడదు, వారంలో ఖాళీ చేయండి అంది. ఆమె కోపంగా కూడా చెప్పలేదు. పురిటి మైల తమ ఇంటికి తగలకూడదని ఆమె నమ్మకం. ఈ మాట ఇక్కడ ఎంతమంది విన్నారో చేతులెత్తమంటే సగంమంది ఎత్తుతారని నాకు తెలుసు. అప్పటికి మా అమ్మ చనిపోయింది, వెళ్ళడానికి తల్లిగారిల్లు లేదు. నిండు గర్భంతో సామాను ఆటోలో వేసుకుని అల్వాల్ వచ్చాం. నాలుగేళ్ళలో ఇది అయిదో ఇల్లు. అయిదూ ఒకే జిల్లాలో ఉన్నాయి. కానీ కార్పొరేషన్ ఒకచోట, మున్సిపాలిటీ ఇంకోచోట. ప్రతి గడప దగ్గరా మళ్ళీ కొత్తవాళ్ళమే.

2021 నవంబరులో బాబు పుట్టాడు. మా ఆయన మూడు రోజులు పని మానాడు, మూడు రోజుల కూలి పోయింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజుల సెలవు ఉంటుంది. గోదాములో మూటలు మోసే తండ్రికి ఏ చట్టమూ ఒక్క రోజు ఇవ్వదు. బిడ్డను చూసుకోవడం ఆడదాని పని అని చట్టం కూడా నమ్ముతోందన్నమాట. ఆ కాన్పు తర్వాత నాకు నిద్ర పట్టేది కాదు, ఊరికే ఏడుపు వచ్చేది, బిడ్డను ఎత్తుకోవాలనిపించేది కాదు. ఎవరికీ లేని కాన్పా అని మా అత్తమ్మ అన్నది. ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త గుర్తుపట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బాలింత దిగులు జబ్బే గానీ బద్ధకం కాదు, పొగరు కాదు. మన కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళినప్పుడు బిడ్డ బరువుతోపాటు తల్లి నిద్ర గురించి కూడా అడగాలి.

అల్వాల్‌లో నాకు జరిగిన మేలు ఒకటి చెప్తాను. ఇక్కడి అంగన్‌వాడీ టీచరమ్మ కిరాయి కాగితం అడగలేదు, కరెంటు బిల్లు అడగలేదు. ఈ బస్తీలో ఉంటున్నావు కదా అని పేరు రాసుకుంది. మరునాటి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు దొరికాయి. 2015 జనవరి నుంచి తెలంగాణలో ఈ పథకం ఉంది. ఆమె నాకేదో దయ చూపిందని కాదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణీకీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా బాలింతకూ అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం హక్కు. ఆమె చట్టాన్ని సరిగ్గా అమలు చేసింది, అంతే.

నా ఒక్కదాని కథ చెప్పి సానుభూతి కోరడానికి రాలేదు. మనం చేయగలిగినవి, అడగవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది. బియ్యం మనిషి వెంట నడిచి వస్తోంది. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మధ్య ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో రేషన్ తీసుకునే పద్ధతి మొదలైంది. తర్వాత దేశమంతా వచ్చింది. బియ్యం నడిచినప్పుడు గుడ్డూ పాలూ ఎందుకు నడవవు? 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో పేరును ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి మార్చే వీలుంది. బిడ్డకు ఆధార్ లేకున్నా తల్లి ఆధార్ సరిపోతుంది. ఈ సంగతి బస్తీలో తల్లులకు తెలియదు. చెప్పవలసింది మనం.

రెండోది. కొత్త కాలనీల్లో అసలు కేంద్రమే లేకపోతే? ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఇచ్చిన ఉత్తర్వు గుర్తుపెట్టుకోండి. పల్లెలోగానీ మురికివాడలోగానీ ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి, కేంద్రం లేకపోతే, అడిగిన మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలి. తూంకుంట, కొంపల్లి, మేడ్చల్ చుట్టూ ఉన్న కూలీల గుడిసెల్లో 40 మంది పిల్లలను లెక్కపెట్టడం మనకు ఒక్కరోజు పని.

మూడోది. కంట్రాక్టు పనివాళ్ళకు కాన్పు సెలవు లేదన్న మాట అబద్ధం. దినకూలీ స్త్రీలకు కూడా ఈ హక్కు ఉందని 2000 మార్చి 8న ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 1961 చట్టానికి 2017లో వచ్చిన సవరణతో సెలవు 26 వారాలైంది. ఇద్దరు పిల్లలున్న తర్వాతైతే 12 వారాలు. 2025 నవంబరు 21 నుంచి ఇవి సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజుల పని ఉంటే చాలు. ఈఎస్‌ఐ ఉన్నచోట 70 రోజుల చందా ఉంటే అక్కడే డబ్బు వస్తుంది. అందుకే చెల్లెళ్ళకు చెప్పండి, పనిలో చేరిన నెలలోనే ఈఎస్‌ఐ నంబరు అడిగి రాసుకోమని. కంట్రాక్టరు మారినా ఆ నంబరు మారదు.

నాలుగోది బాలల సంరక్షణ కేంద్రం, అంటే క్రెష్. 50 మంది పనివాళ్ళుంటే పెట్టాలని చట్టం. మా వైపు ఒకే గేటు లోపల ముగ్గురు కంట్రాక్టర్ల పేరు మీద తలా 30 మందిని చూపిస్తారు. అయితే చిన్న యూనిట్లు కలిసి ఒకే కేంద్రం నడపడానికి చట్టంలో వీలుంది. పారిశ్రామికవాడకు ఒక ఉమ్మడి కేంద్రం కావాలని మనం అడగాలి.

అయిదోది ఇల్లు. రాతకోతలు లేని నెలవారీ కిరాయికైనా 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. వారంలో పొమ్మనడం, నీళ్ళు బందు చేయడం కుదరదు. అయితే ఇది కోర్టులో తేలేలోపు కాన్పు అయిపోతుంది. కాబట్టి మనమే ఓనర్ల ఇళ్ళకు పోయి మాట్లాడాలి. ఓనర్లలో ఆడవాళ్ళున్నారు, ఈ సభలోనూ ఉన్నారు. కాన్పును మైల అనే ఇంట్లో స్త్రీ హక్కుల గురించి ఎలా మాట్లాడతాం?

ఆరోది డబ్బు. ఆహార భద్రతా చట్టం ప్రతి కాన్పుకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వమంది. 2017లో కేంద్రం తెచ్చిన మాతృవందన పథకం దాన్ని మొదటి బిడ్డకే, 5,000కే కుదించింది. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000 అన్నారు. చట్టంలో లేని షరతులను పథకం పెట్టడాన్ని మనం ఒప్పుకోకూడదు.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు చార్జీ లేదు. మంచిదే. కానీ ఒక సంతకం కోసం పోయిన రోజు కూలి ఎవరిస్తారు? తల్లి ఆఫీసు చుట్టూ తిరగడం కాదు, కాగితం తల్లి వెంట రావాలి.

ఒక్క జాగ్రత్త. ఈ పనిలో అంగన్‌వాడీ టీచర్లతో, ఆశాలతో కొట్లాట పెట్టుకోవద్దు. వాళ్ళూ గౌరవ వేతనం పేరుతో తక్కువ డబ్బుకు చాకిరీ చేస్తున్న ఆడవాళ్ళే. అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. వాళ్ళ హక్కూ మన హక్కూ కలిపి అడగాలి.

అల్వాల్, శామీర్‌పేట, మేడ్చల్ మండలాల్లో మన సంఘాలు నెలకొకసారి కొత్తగా వచ్చిన కుటుంబాల ఇళ్ళకు వెళ్ళాలని నా ప్రతిపాదన. గర్భిణీ ఉందా, ఆరేళ్ళలోపు పిల్లలున్నారా, పేరు ఎక్కడ ఉంది, ఇక్కడికి మార్చారా అని నాలుగు ప్రశ్నలు అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ నోటుబుక్కు పట్టుకుని కలెక్టరు దగ్గరికి అందరం కలిసి వెళ్దాం. ఈ రోజే మండలానికి ఇద్దరు చొప్పున పేర్లు ఇవ్వమని కోరుతున్నాను. అల్వాల్‌కు మొదటి పేరు నాది రాసుకోండి.