ఇల్లే బడి

బెంగళూరులో కొన్ని క్రైస్తవ కుటుంబాలు పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాయి. ఎందుకు?

మొదటి కారణం విశ్వాసం. ఇంట్లో కూర్చున్నా, దారిన నడుస్తున్నా, పడుకున్నా, లేచినా పిల్లలకు దేవుని మాటలు నేర్పమని ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం తల్లిదండ్రులకు చెబుతుంది. ఆ బాధ్యత తమదేనని వీరి నమ్మకం. రెండోది సమయం. ఈ నగరపు ట్రాఫిక్‌లో స్కూలు బస్సు తినేసే గంటలు కుటుంబ ప్రార్థనకు, పుస్తకాలకు, ఆటలకు మిగులుతాయి. మూడోది, ప్రతి బిడ్డా తనకు తగిన వేగంతో చదువుకోవచ్చు. లాల్‌బాగ్‌లో వృక్షశాస్త్రం, విశ్వేశ్వరయ్య మ్యూజియంలో భౌతికశాస్త్రం కళ్లారా చూసి నేర్చుకోవచ్చు.

మరి సర్టిఫికెట్? 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు పదో తరగతికి సమానమైన పరీక్ష రాయవచ్చు, ఆపై పన్నెండో తరగతిది కూడా. ఇక చట్టం సంగతి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. అందులో ఇంటి చదువుకు ప్రత్యేక నిబంధనలేమీ లేవు.

ఇది తేలికైన దారి కాదు. తల్లిదండ్రుల్లో ఒకరు రోజూ సమయం కేటాయించాలి. సాటి పిల్లల స్నేహం సండే స్కూల్లో, మైదానంలో, ఇరుగుపొరుగులో వెతికి అందించాలి. ఇంట్లో చదివించాలనుకునేవారు ముందుగా తమ ఓపికను, తీరికను తూచుకోండి. అన్నిటికన్నా ముందు మీ బిడ్డ మనసు అడిగి తెలుసుకోండి.