కంప్యూటరు విద్య – మన కర్తవ్యం

(సూరత్ నగరం, కోసాడ్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1985లో న్యూఢిల్లీలో రైలు రిజర్వేషన్ల కంప్యూటరీకరణ ఆరంభమైనది. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం ‘క్రిస్’ ఏర్పడినది. 2002లో ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్ల విక్రయం మొదలైనది. 2013 జూలైలో తంతి సేవ ముగిసినది. ప్రతి మార్పులోను పాత పని తరిగి, కొత్త పని పుట్టినది. ఆ కొత్త పని ఎవరికి దక్కుతున్నదన్నదే మన ముందున్న ప్రశ్న.

తపాలా శాఖ అనుభవం చూడండి. మైసూరులోని శాఖ సొంత సాంకేతిక కేంద్రం రూపొందించిన వ్యవస్థ 2025 ఆగస్టు నాటికి 1,60,000కు పైగా పోస్టాఫీసులకు విస్తరించినది. బయటివారిపై ఆధారపడక తప్పదన్న వాదనకు ఇదే సమాధానం.

సమాచార వ్యవస్థల చదువంటే టైపు నేర్వడం కాదు. ఒక పార్సిలు ఎక్కడ బుక్కయి, ఎన్ని చేతులు మారి, ఎక్కడ బట్వాడా అవుతుందో విశ్లేషించి, ఆ క్రమాన్ని డేటాబేసుగా, ప్రోగ్రాముగా మలచడం. ఆ పని లోతుపాతులు మనకంటె ఎరిగినవారెవరు? కొరవడినది చదువే. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా ఉద్యోగం మానకుండానే బీసీఏ, ఎంసీఏ చదువవచ్చు.

అయితే భారమంతా ఉద్యోగిపై మోపడం న్యాయం కాదు. డ్యూటీ వేళల్లోనే శిక్షణ, ఫీజుల చెల్లింపు, తెలుగులో పాఠ్యసామగ్రి, సాంకేతిక పదవుల్లో శాఖాపరమైన ఎంపికకు ప్రాధాన్యం కోరుదాం. పని తరిగినచోట పునర్నియామకం జరగనిదే ఏ పోస్టునూ రద్దు చేయరాదని పట్టుబడదాం.

చదువుదాం, సంఘటితమవుదాం. కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!