మన కథకు మన పైసలు

(కొండగట్టులో లఘుచిత్రాలు తీస్తున్న యువతీయువకుల సమావేశంలో మా పత్రిక తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అంజన్న గుట్ట కింద ఇంతమంది కలిసి కూర్చొని సినిమా గురించి మాట్లాడుకోవడం సంతోషం. మీ చేతుల్లో కెమెరాలున్నాయి, జేబుల్లో పైసలు లేవు. అందుకే మేము ఇవాళ హీరోల గురించి మాట్లాడటానికి రాలేదు. నిర్మాత గురించి మాట్లాడటానికి వచ్చాం. ఎందుకంటే ఎవరి కథ తెరకెక్కాలి, ఏ భాషలో మాట్లాడాలి, ఎవరు దొర, ఎవరు నౌకరు అని నిర్ణయించేది పైసలు పెట్టేవాడే. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో మన యాస రౌడీలకూ, నవ్వించే నౌకర్లకే ఎందుకు దక్కిందంటే, ఆ పైసలు మనవి కావు గనుక.

మన దగ్గర సినిమా మనుషులు లేకనా? పైడి జైరాజ్ కరీంనగర్ బిడ్డ. 1929లో బొంబాయి పోయి, మూకీల కాలంలోనే హీరో అయ్యారు. 1951లో ‘సాగర్’ సొంతంగా నిర్మించారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. అంతటి మనిషి గురించి మన పిల్లల పాఠాల్లో ఒక్క ముక్క లేకుండా ఎన్ని తరాలు గడిచాయి! ఇక కోదాడ దిక్కు నుంచి వచ్చిన కాంతారావు కత్తి పట్టిన హీరోగా ఊరూరా పేరు సంపాదించి, సొంతంగా సినిమాలు తీసి ఆస్తులు పోగొట్టుకున్నారు. ప్రతిభ ఉంది, తెగింపు ఉంది. లేనిదల్లా తీసిన సినిమాను జనం దాకా చేర్చే దారి మీద పట్టు.

ఆ దారిని సొంతంగా వేయాలని చూసిన మనిషి బి. నర్సింగరావు. ఆయన 1946లో గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్‌లో పుట్టారు. భూములున్న కుటుంబం. హైదరాబాద్‌లో బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. 1970ల మొదట్లో ‘ఆర్ట్ లవర్స్’ పేరిట కళాకారులను కూడగట్టారు. అల్వాల్ దిక్కు బుర్రకథలు చెప్పుకుంటున్న విఠల్ అనే యువకుడు ఆ సోపతిలోనే కలిశాడు. ఆ విఠలే తర్వాత గద్దర్. జననాట్యమండలి పుట్టింది కూడా ఆ బృందం నుంచే.

ఇక 1978 సంగతి మీకు చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న జగిత్యాలలో సెప్టెంబర్ 7న రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు ఊళ్లు విడిచి పట్నం బాట పట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నర్సింగరావు, జి. రవీంద్రనాథ్‌తో కలిసి చైతన్య చిత్ర పేరిట ‘మా భూమి’ నిర్మించారు. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దానికి ఆధారం. 1940ల నాటి సాయుధ పోరాటం దాని కథ.

ఈ నిర్మాత చేసిన నిర్ణయాలు ఒక్కొక్కటే చూడండి. దర్శకత్వం గౌతమ్ ఘోష్‌కు ఇచ్చారు. అది ఆ బెంగాలీ యువకుడికి మొదటి కథాచిత్రం. రామయ్య పాత్రకు సాయిచంద్‌ను తీసుకున్నారు. ఆయనకూ అదే మొదటిది. షూటింగ్‌కు స్టూడియో కాదు, మెదక్ జిల్లా మంగళపర్తి ఊరు. పాటకు పేరున్న గాయకుడు కాదు, గద్దర్. స్టార్ లేడు, సెట్ లేదు. ఖర్చు తగ్గించడానికే ఇట్లా చేశారని అనుకుంటే పొరపాటు. మార్కెట్ మెప్పు కోసం కథను వంచే అవసరం రాకుండా చేసుకున్నారు. పెట్టుబడి చిన్నదైతే మాట పెద్దగా ఉండొచ్చు. స్వతంత్ర నిర్మాత బలమంతా ఇందులోనే ఉంది.

ఆ తర్వాత ఆయనే దర్శకుడయ్యారు. 1983లో ‘రంగుల కల’ తీసి, అందులో చిత్రకారుడి పాత్ర తానే వేశారు. అది తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. 1988లో ‘దాసి’ వచ్చింది. గడీలో నలిగిన ఆడబిడ్డ బతుకు అది. ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, దుస్తులకు సుదర్శన్, కళాదర్శకత్వానికి తోట వైకుంఠం. ఈ వైకుంఠం ఎవరనుకుంటున్నారు? మన వేములవాడ దిక్కు బూరుగుపల్లి మనిషి. పెద్ద బొట్టు, రంగు చీరల మన ఆడవాళ్లను దేశమంతా గుర్తుపట్టేటట్టు గీసిన చేయి. గడీ ఎట్లుంటదో ఆయనకు పరిశోధించి చెప్పేవాళ్లు అవసరం లేదు. 1990లో ‘మట్టి మనుషులు’ వచ్చింది. ఊరు వదిలి పట్నంలో భవనాలు కట్టే కూలీల కథ. దుబాయి, బొంబాయి బాట పట్టిన కొడుకుల కోసం ఎదురుచూసే మన ఊళ్లకు అది పరాయి కథ కాదు.

ఇన్ని అవార్డులు తెచ్చిన మనిషి సినిమాలను మీలో ఎంతమంది హాల్లో చూశారు? ఆయన చేయగలిగినంత చేశారు. కానీ థియేటర్ మాత్రం ఒక్క మనిషి తెగింపుతో వచ్చేది కాదు. హాళ్లు కొద్దిమంది చేతుల్లో, లీజుల్లో ఉన్నంతకాలం చిన్న సినిమా శుక్రవారం వచ్చి సోమవారానికి మాయమవుతుంది. 2014లో రాష్ట్రం వచ్చింది. 2025లో సర్కారు గద్దర్ పేరుతో సినిమా అవార్డులు ఇచ్చింది. అందులో పైడి జైరాజ్ పేరు, కాంతారావు పేరు కూడా ఉన్నాయి. మంచిదే. కానీ గద్దర్‌ను తెరమీద నిలబెట్టింది ఒక స్వతంత్ర నిర్మాత. ఆ పేరు పెట్టుకున్న సర్కారుకు అటువంటి నిర్మాతలకు హాలు చూపించే బాధ్యత లేదా? కేరళలో ప్రభుత్వ సంస్థకే సొంత థియేటర్లున్నాయి. మన దగ్గర జిల్లాకు ఒక్క చిన్న హాలు అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

సర్కారు ఇచ్చేదాకా చేతులు ముడుచుకోవాలా? అక్కర్లేదు. 1976లో శ్యామ్ బెనగల్ ‘మంథన్’ తీసినప్పుడు గుజరాత్‌లో ఐదు లక్షల మంది పాడి రైతులు మనిషికి రెండు రూపాయలు వేశారు. పదిలక్షలు జమయ్యాయి, రైతులే నిర్మాతలయ్యారు. ఆ బెనగల్ మన తిరుమలగిరిలో పుట్టినవాడే. కేరళలో జాన్ అబ్రహం మిత్రులు జనం దగ్గర చందాలు పోగుచేసి 1986లో ‘అమ్మ అరియాన్’ తీశారు. 2023లో ‘బలగం’ను మన ఊళ్లలో నడిబజారులో తెర కట్టి చూశారు. ఊరు ఊరంతా ఏడ్చింది. అంటే మన దగ్గర ప్రేక్షకులున్నారు, తెర కట్టే చేతులూ ఉన్నాయి. ఇక నేర్వాల్సింది ఒకటే, ఆ తెర ముందు పది రూపాయల టికెట్ పెట్టడం. ఉచితంగా చూస్తే చప్పట్లు వస్తాయి గానీ చిన్న నిర్మాతకు రెండో సినిమా రాదు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాం. మీలో ఎవరైనా ఎకరం అమ్మి సినిమా తీస్తామంటే మేము వద్దనే అంటాం. బాపు చెమట ఒక్క శుక్రవారానికి పందెం కాయొద్దు. వందమంది కలవండి, తలా కొంత వేయండి, లెక్క కాగితం మీద పెట్టండి. కథ రాసే ముందే, పూర్తయిన సినిమాను ఏ పది ఊళ్లలో చూపించాలో రాసుకోండి. భూమి కోసం కొట్లాడిన గడ్డ ఇది. ఆ భూమి అమ్మకుండానే మన కథ చెప్పుకునే దారి వెతుకుదాం.

జై తెలంగాణ!