తోట తొట్టిలో ఈత

కామవరపుకోట మెట్టలో ఇంటి ఈతకొలను అంటే చాలామందికి తోటలో బోరు పక్కనున్న సిమెంటు తొట్టే. ఎండాకాలం సెలవులకు పిల్లలొస్తే పొద్దుగూకేదాకా అందులోనే. నాలుగు రోజులకు గోడలు జారుడు, నీళ్లు పచ్చన. అది నాచు. ముందు కొబ్బరీనెల చీపురుతో గోడలు రుద్దండి. నాచు పొర ఉండగా మందు సరిగా పనిచేయదు.

తర్వాత బ్లీచింగ్ పౌడరు. 30 శాతం క్లోరిన్ ఉన్నదైతే 10,000 లీటర్లకు 70 గ్రాములు చాలు. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పడుతుంది. బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పొయ్యండి. అదీ చీకటి పడ్డాకే. మన ఎండ క్లోరిన్‌ను గంటల్లో తినేస్తుంది. ఎప్పుడో మూతి విప్పిన మూటైతే బలం సగం పోయే ఉంటుంది.

ఘాటు వాసనొస్తే మందెక్కువైందనుకుంటాం. చాలాసార్లు అది చెమటతో, మూత్రంతో కలిసిన క్లోరిన్ వాసన. దిగేముందు ఒళ్లు కడుక్కోమనండి. వింటారా, అది వేరే సంగతి! బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.

పిల్లలు దిగితే మోటారు స్విచ్చి కట్టేసి, పెద్దవాళ్లొకరు గట్టునే కూర్చోండి.