పిల్లల సైన్సు ప్రదర్శనము: ప్రశ్న నెన్నుకొను విధము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. విద్యార్థివేతనములనుగూర్చియు, వసతిగృహములనుగూర్చియు నాకంటె సమర్థులు ప్రసంగింపనున్నారు. నేనొక చిన్న విషయమును మాత్రమే తీసికొనుచున్నాను. అది చూచుటకు చిన్నదే గాని, మన బిడ్డల బుద్ధికిని, సత్యసంధతకును సంబంధించినది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో చదువుచున్న బిడ్డ యింటికి వచ్చి, "బడిలో సైన్సు ప్రదర్శనమట, నేనేమి చేయాలి?" అని యడిగినప్పుడు మనమేమి చెప్పవలయును? ఇదియే నా ప్రసంగవిషయము.

ఫిబ్రవరి 28వ తేదీని మన దేశమున జాతీయ విజ్ఞానదినముగా పాటించుచున్నారు. 1928లో ఆ దినముననే చంద్రశేఖర వేంకటరామన్ గారు తమ పేర ప్రసిద్ధికెక్కిన కాంతివిశేషమును కనుగొనిరి. 1987 నుండి ఈ యుత్సవము జరుగుచున్నది. ఆ సందర్భమున ననేక పాఠశాలలు ప్రదర్శనములు నడపుచున్నవి. ఇదిగాక, కేంద్రప్రభుత్వ విజ్ఞానశాఖవారు ఇన్‌స్పైర్ మానక్ అను పథకముక్రింద, ఎన్నికైన విద్యార్థికి నమూనా చేసికొనుటకై 10,000 రూపాయలొసంగుచున్నారు. ఆ పథకమువారు బిడ్డనుండి మొట్టమొదట కోరునది వస్తువు కాదు; బిడ్డకు స్వయముగా తోచిన యాలోచన. ఈ భేదమును మన మింకను గ్రహింపలేదని నా మనవి.

నేను చిరకాల ముపాధ్యాయవృత్తియం దుండి, పలు ప్రదర్శనములలో పరీక్షకుడుగా కూర్చుంటిని. ఒకచోట నొక బాలుడు ధర్మాకోలుతో చేసిన యగ్నిపర్వతమును నిలిపియుండెను. అందు వంటసోడాపై వెనిగరు పోయగనే యెఱ్ఱని నురుగు పొంగెను. చూచువారందఱు చప్పట్లు కొట్టిరి. "నురుగెందుకు వచ్చింది నాయనా?" అని యడిగితిని. బాలుడు బదులు చెప్పక, వెనుక నిలుచున్న తండ్రి ముఖము చూచెను. సోడాయు, పులుపును కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టునని యా తండ్రికి తెలియును. నమూనా నమ్మిన దుకాణదారునకును తెలియును. బాలునకు మాత్రము తెలియదు. అయినను బహుమతి యా బాలునికే వచ్చినది. ఆనాడతడు నేర్చిన పాఠము రసాయనశాస్త్రము కాదు. పరులు చేసినదానిని తనదని చెప్పుకొనిన చప్పట్లు కొట్టుదురన్న పాఠము. నేటి దినములలో చేతిలోని ఫోను నడిగిన చాలును, క్షణములో నూఱు ప్రాజెక్టులు సిద్ధముగా నిచ్చును. కావున నీ యపాయము పెరిగినదే గాని తగ్గలేదు.

ఇక నా యింట జరిగిన కథ విన్నవించెదను. నా మనుమరాలు ఏడవ తరగతిలో నుండగా నీ ప్రశ్నయే వచ్చినది. రోబో కొనుమని కొందఱు, సౌరకుటుంబము చేయుమని కొందఱు సలహా లిచ్చిరి. నేను, "నీకు నిజంగా తెలియక, తెలుసుకోవాలని ఉన్నదేమిటి?" అని యడిగితిని. ఆమె కొంతసేపూరకుండి, "మన కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి, స్టీలు బిందెలో ఉండవెందుకు?" అనెను. వెంటనే తల వంచుకొని, "కుండలు పట్టుకుపోతే బడిలో నవ్వుతారేమో" అనెను. సోదరులారా! తరతరములుగా సారె త్రిప్పిన వంశమున పుట్టిన బిడ్డ కుండను చూపుటకు సిగ్గుపడిన దనిన, ఆ లోపము బిడ్డది కాదు, మనది.

అంతట నొకే కొలత గల రెండు కుండలను తెచ్చితిమి. ఒకదానికి వెలుపల నంతటను నూనెరంగు పూసి, కొన్ని దినము లారనిచ్చితిమి. మూడవది స్టీలు బిందె. ప్రతిదినము ఉదయము మూడింటను రెండేసి లీటర్ల నీరు పోసి, ఒకే నీడలో, ఒకే గాలిలో నుంచి, మధ్యాహ్నము మూడు గంటలకు థర్మామీటరుతో చూచి, వంటింటి త్రాసుతో తూచి, ఆమె తన నోటుపుస్తకమున వ్రాసికొనెను. మొదటి దినమున గాలి 34 డిగ్రీలు, బిందెలోని నీరు 33, రంగు పూసిన కుండలోనిది 32, ఉత్తకుండలోనిది 26. ఉత్తకుండ బరువు 150 గ్రాములు తగ్గినది. రంగుకుండ బరువు దాదాపు తగ్గనేలేదు.

ఇందలి మర్మము మీ రెఱుగనిది కాదు. కాలిన మట్టిలో కంటికి కానరాని రంధ్రములుండును. మన పెద్దలు మంటిలో నిసుకయో, ఊకయో కలుపుదురు. వాములో నూక కాలిపోయి యా చోటు ఖాళీపడును. ఆ రంధ్రములగుండ నీరు వెలుపలికి చెమర్చి యావిరియగును. ఒక గ్రాము నీరావిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలయును. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబఱచుటకు ఒక్క కేలరీ తీసిన చాలును. కావున లీటరు నీటినుండి పదిగ్రాము లావిరియైన యెడల, వెలుపలి వేడి సోకనిచో, మిగిలిన నీరు దాదాపాఱు డిగ్రీలు చల్లబడును. రంగు పూసి రంధ్రములు మూసిన కుండ బిందెతో సమానమే యగును.

నాలుగు దినము లీ విధముగానే జరిగెను. గాలికిని, ఉత్తకుండలోని నీటికిని ఏడెనిమిది డిగ్రీల భేదము కనబడుచుండెను. ఐదవనాడు అకాలవర్షము కురిసినది. ఆనాడు భేదము రెండు డిగ్రీలే. పటమునందు చక్కగా సాగుచున్న గీత యొక్కసారిగా పడిపోయినది. ఇచ్చట నా తప్పొప్పుకొనుచున్నాను. ఇన్నేండ్లు పాఠములు చెప్పిన నేనే, "ఆ రోజు లెక్క చెరిపివేయమ్మా, పటం చెడుతోంది" అంటిని. ఆమె నావైపు చూచి, "చెరిపివేసేటట్లయితే కొలవడమెందుకు తాతయ్యా?" అనెను. నాకు మాట రాలేదు.

ఆ యంకె నట్లే యుంచి యామె తన లెక్కలను మరల చూచుకొనెను. వాననాడు కుండ బరువు 40 గ్రాములే తగ్గియుండెను. గాలియే తేమతో నిండియున్నప్పుడు నీరు త్వరగా నావిరి కాదు. ఆవిరి కానిచో చల్లదనము లేదు. మేము చెరిపివేయబోయిన యంకెయే యన్నింటికంటె గొప్పపాఠము చెప్పినది. సముద్రతీరమున నుక్కపోత దినములలో కుండనీరు తగినంత చల్లబడకపోవుటకును, పొడిగాలి వీచు చోట్ల మిక్కిలి చల్లబడుటకును కారణ మదియే. ఆమెకు బహుమతి రాలేదు. కాని పరీక్షకుడడిగిన ప్రతి ప్రశ్నకును ఆమె యెవరి ముఖమును చూడక బదులు చెప్పెను. ఆ యేడు పొడుగునను "మంటిలో ఇసుక పాలెక్కువైతే ఏమవుతుంది?" అని యడుగుచునే యుండెను.

ఇక తల్లిదండ్రులకు నా మనవి. మొదటిది, ప్రశ్న బిడ్డదే కావలయును. మీకు చిన్నదిగా తోచినను సరే. మైఖేల్ ఫారడే కమ్మరి కుమారుడు. ఆయన లండనులో 1860వ సంవత్సరాంతమున బాలబాలికల యెదుట ఒక్క క్రొవ్వొత్తినే విషయముగా గొని ఆఱుపన్యాసములు సాగించెను. రెండవది, జవాబు కొలువదగినదై యుండవలయును. "కుండ మంచిదా?" యను ప్రశ్న కొలతకు లొంగదు, "ఎన్ని డిగ్రీలు చల్లబడును?" అనునది లొంగును. మూడవది, ఒక్క విషయమును మాత్రమే మార్చి, తక్కినవన్నియు సమముగా నుంచవలయును. ఒకసారి చూచి నమ్మక పలుమారులు కొలువవలయును. నాలుగవది, ఇంట దొరకు వస్తువులతో, నెలదినములలో ముగియునట్టి పనిని చేపట్టవలయును. ఐదవది, నిప్పు, కరెంటు, ఆమ్లములు, ఔషధములు గల పనులు పెద్దలు దగ్గఱ లేనిదే చేయనీయరాదు. కాపాడుట మన పని, ప్రశ్నించుట మన పని. చేయుటయు, వ్రాయుటయు బిడ్డ పని. ఆఱవది, అనుకొన్నది కానిచో దానిని దాచరాదు. కాలేదని తెలియుటయు జ్ఞానమే.

సంఘమువారి కొక్క విన్నపము. ప్రతి పట్టణమున మన శాఖవద్ద నాలుగు థర్మామీటర్లు, రెండు త్రాసులు, కొన్ని కొలపాత్రలు ఉంచి, బీదపిల్లలకు ఎరువిచ్చు నేర్పాటు చేయవలయును. దీనికి గొప్ప ధనము పట్టదు. దాతలు తలచుకొన్న నీ సభయందే సమకూడును. వచ్చు మహాసభయందు మన మిచ్చు బహుమతులు నమూనా సొగసును చూచి గాక, బిడ్డ స్వహస్తముతో వ్రాసిన నోటుపుస్తకమును చూచి యీయవలయును. చెరిపివేయని యంకె గల పుస్తకమునకు మొదటి బహుమతి యిత్తము.

మన పూర్వులు కుండను వ్రేలితో కొట్టి, దాని నాదమును విని, కాలినదో పచ్చిదో చెప్పెడివారు. పగిలిన కుండను మంచిదని యమ్మినవానికి మరునాడు సంతలో నిలువ నీడ లేదు. ఆ పరీక్షాబుద్ధియు, ఆ నిజాయితీయు మన బిడ్డల పుస్తకములలోనికి రావలయునని కోరుచున్నాను.